అప్‌డేట్: కల చెదిరినవాళ్లతో ఏ వాక్యం చదవాలి అన్న నా ప్రశ్నకు

కానిస్టేబుల్ ఉద్యోగానికి వయసు దాటిపోయి, చర్చికే రావడం మానేసిన మా తమ్ముడితో బైబిల్లో ఏ భాగం చదవాలని ఇక్కడ అడిగింటిని. సలహా చెప్పిన అన్నలకు, అక్కలకు వందనాలు.

బాగా పనికొచ్చింది 13వ కీర్తన. ఉండేది ఆరే వచనాలు: మొదటి రెండు ఫిర్యాదు, తర్వాతి రెండు మొర, చివరి రెండు నమ్మకం. మా ప్రొద్దుటూరు పాస్టరుగారు మొదటిసారి రెండో వచనం దగ్గరే ఆపించి, వాని ఫిర్యాదు వాని మాటల్లోనే కాగితం మీద రాయించినారు. ఏడుపును మధ్యలో తుంచి స్తుతిలోకి లాగితే మనిషి ఇంకా ముడుచుకుంటాడంట.

తర్వాత యిర్మీయా 29. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే, క్యాలెండర్ల మీదుండే 11వ వచనం ఒక్కటే చదివితే రేపే పోస్టు వస్తుందన్నట్టుంటుంది. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు రాసిన ఉత్తరం. 10వ వచనంలో తిరిగి రావడానికి 70 ఏళ్ల గడువుంది, 5లో ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అనుంది. అందుకే 4 నుంచి 14 దాకా కలిపి చదవాల. వాన్ని కదిలించింది ఆ 5వ వచనమే. ఇప్పుడు బోరు మోటార్ల రివైండింగ్ నేర్చుకుంటున్నాడు. ఆదివారం వస్తున్నాడు, వెనక వరసలోనే అనుకోండి.

ఇలాంటప్పుడు కొందరు చేసే 21 రోజుల ఉపవాసం మాకు అవసరం పడలేదు. దానికి ఆధారంగా చూపే దానియేలు 10లోని మూడు వారాల ఉపవాసం ఉద్యోగం కోసం చేసింది కాదు. షుగర్ ఉన్నోళ్లు డాక్టరునడక్క దాని జోలికి పోవద్దండి.

నిద్ర, తిండి రెండూ పోయినోళ్లుంటే ప్రార్థనతోపాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.