చర్చ: పాటకచేరీ బృందానికి ప్యాటర్న్ సీక్వెన్సర్ ఉన్న అనలాగ్ బేస్ సింథ్ అవసరమా?

తుంగభద్ర స్వరం, కర్నూలు:

మా బృందం కర్నూలు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కచేరీలు, జాతర కచేరీలు చేస్తుంది. ఇద్దరు గాయకులు, కీబోర్డు, ఆక్టోప్యాడ్, డోలక్, తబలా ఉన్నాయి. బేస్ గిటారు వాయించేవారు లేనందువల్ల ఆ భారమంతా కీబోర్డు వాయించే మిత్రుడి ఎడమచేతి మీదే పడుతోంది. సీక్వెన్సర్ లోపలే అమర్చిన కొత్త అనలాగ్ బేస్ సింథసైజర్ (విద్యుత్ సర్క్యూట్లతో మంద్ర స్వరాలను పుట్టించే వాద్యం) ఒకటి కొనాలని బృందంలో సగంమంది అంటుంటే, ఫోనులోని యాప్ చాలునని మిగతావారు అంటున్నారు. పదహారు మెట్లలో స్వరాలను ముందే నింపి మీట నొక్కితే అదే వరుసను తిరిగి తిరిగి పలికించే ఈ యంత్రం మన తాళానికి లొంగుతుందా, లేక పాటే దానికి లొంగవలసి వస్తుందా? కొనాలన్నదే నా పక్షం. ఎడమచేయి ఖాళీ అయితే తీగవాద్యాల భాగాలను, ఇంతవరకు వదిలేస్తున్న మధ్య సంగీతాన్ని ఆయన పూర్తిగా వాయించగలరు.

పెన్నా లయ, అనంతపురం:

నేను ఒప్పుకోను. ఇలాంటి యంత్రాలకు పెద్దదిక్కు అయిన రోలాండ్ టీబీ-303 చరిత్రే నా మొదటి సాక్ష్యం. బేస్ గిటారు వాయించే మనిషి లేని లోటు తీర్చడానికే 1981లో దానిని విడుదల చేశారు. ఆ పనికి అది కుదరలేదు, 1984 నాటికి తయారీ ఆపేశారు. ఆ తరువాత చికాగోలో యువకులు పాత సరుకుగా చౌకగా దొరికిన ఆ పెట్టెలను కొని, ధ్వని పదునును పెంచి తగ్గించే ఫిల్టర్ మరలను తిప్పుతూ కొత్త నృత్యసంగీతాన్ని పుట్టించారు, 1987 నుంచి అది ప్రపంచమంతా పాకింది. అంటే, వాద్యకారుడికి బదులుగా ఓడిపోయిన పరికరం తనదైన ధ్వనితో గెలిచింది. మీరు దానిని మళ్లీ ఓడిపోయిన పనికే పెడుతున్నారు.

రెండవది, మన ఎండలు. స్వరాన్ని పుట్టించే అనలాగ్ ఆసిలేటర్‌లో దాని ఎత్తును నిర్ణయించే ట్రాన్సిస్టర్ల జంట వేడికి స్పందిస్తుంది. దిద్దుబాటు లేకపోతే ఒక్కో డిగ్రీకి స్వరాల మధ్య ఎడం సుమారు 0.33 శాతం మారుతుంది. పదిహేను డిగ్రీలు పెరిగితే ఒక స్థాయి (స నుంచి పై స వరకు) దూరంలో అర్ధస్వరంలో సగానికి పైగా తేడా వస్తుంది. తయారీదారులు దీనిని సరిదిద్దే రెసిస్టర్‌ను అమర్చుతారు, నిజమే, కాని మే నెలలో ఏసీ గదిలోంచి తీసి నేరుగా పందిట్లో పెట్టిన పెట్టె శ్రుతి నిలుస్తుందని నేను నమ్మను.

అన్నిటికంటే ముఖ్యమైనది లయ. చివరి చరణంలో జనం చప్పట్లు అందుకోగానే డోలక్ వాయించే మనిషి వేగం పెంచుతాడు. యంత్రం పెంచదు.

కడప శ్రుతి:

పెన్నా లయ గారూ, మీ మూడు అభ్యంతరాలలో శ్రుతి గురించి చెప్పినది అన్నిటికంటే తేలికగా తీరేది. యంత్రాన్ని కచేరీకి అరగంట ముందే వేదిక మీద ఆన్ చేసి ఉంచి, అది అక్కడి వేడికి అలవాటుపడిన తరువాత శ్రుతి చేసుకోవాలి. తంబూరా తీగకు కూడా ఈ మర్యాద చేస్తూనే ఉన్నాము కదా.

తాళం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. పదహారు మెట్లు అన్నది గరిష్ఠం మాత్రమే. ప్యాటర్న్ పొడవును తగ్గించుకునే వీలు మంచి యంత్రాలలో ఉంటుంది, కొనేముందు దుకాణంలో మొదట పరీక్షించవలసినదీ అదే. తాళంలో ఒక్కో అక్షరానికి రెండు మెట్ల చొప్పున పెడితే ఆదితాళం పదహారింటిలో సరిగ్గా ఇముడుతుంది, ఖండచాపుకు పది మెట్లు, మిశ్రచాపుకు పద్నాలుగు సరిపోతాయి. మిశ్రచాపులో తకిట తక ధిమి అన్న విభజన వినిపించాలంటే ఒకటి, ఏడు, పదకొండు మెట్ల మీద యాక్సెంట్ (నొక్కు) పెట్టండి. 303 తరహా సర్క్యూట్‌లో యాక్సెంట్ అంటే శబ్దం పెరగడం ఒక్కటే కాదు, ఫిల్టర్ కూడా ఎక్కువగా తెరుచుకుంటుంది. యాక్సెంట్లు వరుసగా వస్తే, లోపల విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్ పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ నిండడం వల్ల ఒక్కో దెబ్బ మునుపటిదానికంటే పదునుగా లేస్తుంది. డప్పు మోతలో జోరు పెరిగినట్టు వినిపించే ఈ గుణాన్ని విన్న తరువాత, యంత్రానికి ప్రాణం లేదని నేను అనలేను.

స్లైడ్‌ను మాత్రం గమకమని భ్రమపడవద్దు. అది ఒక స్వరం నుంచి మరొకదానికి నిర్ణీత కాలంలో సాగే జారు మాత్రమే, కంపితం (స్వరాన్ని ఊపడం) దానితో సాధ్యం కాదు. అందువల్ల రాగచ్ఛాయను గాయకుడికే వదిలి, బేస్‌ను షడ్జమ పంచమాల దగ్గర ఉంచడం మేలు. హిందోళంలో పంచమం లేదు కనుక మధ్యమాన్ని పట్టుకోవాలి. ముంబయి సెషన్ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ గారు 1982లోనే టీబీ-303తో పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయ మీద రికార్డు చేశారు. చికాగో వారికంటే ముందే మన దేశంలో ఒక వాద్యకారుడు రాగానికీ ఈ పెట్టెకూ పొత్తు కుదిర్చారన్న సంగతిని మీరు చెప్పిన చరిత్రలో చేర్చుకోవాలి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:

లయ విషయంలో ఒక మార్గం ఉంది. కోర్గ్ వోల్కా బేస్ వంటి యంత్రాలలో బయటి లయను అందుకునే సింక్ రంధ్రానికి వచ్చే ఒక్కో స్పందనకు రెండు మెట్లు ముందుకు కదులుతాయి. ఆక్టోప్యాడ్‌లో ఒక ప్యాడ్ ‘టక్కు’ శబ్దాన్ని విడి అవుట్‌పుట్ ద్వారా అక్కడికి పంపి చూడండి, అది గట్టిగా అందితే యంత్రం మనిషి వెంట నడుస్తుంది. అది ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా పనిచేస్తుంది కనుక జనరేటరు హమ్ బాధ కొంత తగ్గుతుంది.

పెన్నా లయ, అనంతపురం:

చరణ్‌జిత్ సింగ్ గారి ఉదాహరణ నా మాటనే బలపరుస్తుంది. ఆయన యంత్రం చుట్టూ సంగీతాన్ని కట్టారు, పాటకచేరీలో దానిని దాచిపెట్టలేదు. సింక్ ఉపాయాన్ని మాత్రం తోసిపుచ్చను. కాని పాట మధ్యలో ఆ ప్యాడ్ ఒక దెబ్బ తప్పితే బేస్ రెండు మెట్లు వెనుకబడుతుంది, ఆ తరువాత పల్లవి ఎత్తుగడ దొరకక ఇబ్బందిపడేది గాయకుడే. కీబోర్డు వాయించే మనిషి ఎడమచేయి అలాంటి తప్పును తరువాతి అక్షరానికే సర్దుకుంటుంది. ఆ చేతిని ఎందుకు తీసేయాలి?

తుంగభద్ర స్వరం, కర్నూలు:

తీసేయాలని కాదు. నెమ్మది పాటలకు, భక్తిపాటలకు ఎడమచేయే ఉంటుంది. మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగంతో నడిచే డ్యాన్సు పాటలకే యంత్రాన్ని వాడతాము, అక్కడ ఆక్టోప్యాడ్ లూప్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది కనుక డోలక్ కూడా దానిని అనుసరిస్తూనే ఉంది. యాప్ చాలనే మిత్రులకు నా సమాధానం ఏమిటంటే, వేదిక మీద చెమటచేతితో గాజుతెర మీద గీతను జరపడానికీ, ఫిల్టర్ కటాఫ్ మరను వేళ్లతో పట్టుకుని పల్లవి చివర మెల్లగా తెరవడానికీ చాలా తేడా ఉంది. గాయకుడి వైపు చూస్తూనే మరను తిప్పవచ్చు. ఫోనును చూడకుండా ఫోనును వాయించలేము.

కడప శ్రుతి:

అయితే మీ స్పీకర్ల సంగతి కూడా చెప్పండి. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఒకటో శ్రుతిలో ఈ యంత్రాన్ని ఇంకా కింది స్థాయికి దించితే 33 దాకా పోతుంది. పెళ్లిపందిరి పెట్టెలు చాలావరకు అంత కిందికి పలకవు. స్క్వేర్ తరంగాన్ని వదిలి సాటూత్ పెట్టి, ఫిల్టర్‌ను కాస్త తెరిచి ఉంచితే పై హార్మోనిక్‌ల (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాల) వల్ల స్వరం చెవికి అందుతుంది. దుకాణంలో హెడ్‌ఫోన్‌తో విని నిర్ణయించకండి, మీ పెట్టెలనే అక్కడికి తీసుకువెళ్లి వినండి.