సమస్య: చెఱను బడియున్నవాడొక చేను గొనెను

ఛందస్సు తేటగీతి. ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు బైబిలులోని యిర్మీయా ప్రవక్త గ్రంథం 32:2–3 ఆధారంగా పూరించండి. యూదా రాజు సిద్కియా ఈ ప్రవక్తను ఎందుకు నిర్బంధించాడో ఆ వచనాల్లోనే ఉంది: యెరూషలేము నగరం బబులోను రాజు వశమవుతుందని పలికినందుకు. అలా పలికినవాడే పొలం ఎందుకు కొన్నాడన్నది సమస్యలోని ముడి.

పూరణ 1
వెండి పదునేడు తులములు వేసి తూచి,
సంతకము చేసి, ముద్రించి, సాక్షు లెదుట
మట్టి కుండలో దస్త్రము మఱుగుపఱచి,
చెఱను బడియున్నవాడొక చేను గొనెను.

విమర్శ: గణాలు, యతులు (పాదం తొలి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో పొందిక) నిర్దోషం. ‘తులములు’ చక్కగా అమరింది. షెకెలు అనే హీబ్రూ తూకానికి తెలుగు బైబిలు వాడే మాట అదే, తూకంలోనూ దాదాపు మన తులమే. 17 తులాలంటే 200 గ్రాములకు కాస్త తక్కువ వెండి. వరుస మాత్రం తారుమారైంది. 10వ వచనంలో సంతకం, ముద్ర, సాక్షులు అయ్యాకే తూకం. ‘మఱుగుపఱచి’ అంటే దాచేయడం. యిర్మీయా లేఖకుడు బారూకు పత్రాలను కుండలో పెట్టింది చాలాకాలం చెడకుండా నిలవాలని. తేటగీతికి ప్రాస (పాదాల రెండో అక్షరాల పొందిక) లేదు కనుక పాదాలు మార్చుకోవచ్చు:

సంతకము చేసి, ముద్రించి, సాక్షు లెదుట
వెండి పదునేడు తులములు వేసి తూచి,
పత్రమును మట్టికుండలో బదిలపఱచి,

ప–బ యతి సరిపోయింది.

పూరణ 2
కోట బబులోను దండులు గూల్చుచుండ,
రాజు సిద్కియా కోపించి ఖైదు సేయ,
మఱల బొలములు గొందురు మనుజు లనుచు
చెఱను బడియున్నవాడొక చేను గొనెను.

విమర్శ: భావంలో ఇదే మిన్న. మూడో పాదం 15వ వచనపు సారం, ముడి విప్పేది అదే. పొలం ఉన్న అనాతోతు యెరూషలేముకు ఉత్తరాన 5 కిలోమీటర్ల లోపే. ముట్టడి నడుమ ఆ నేలకు విలువేముంటుంది? అయినా పినతండ్రి కొడుకు హనమేలు విడిపింపు హక్కు (దగ్గరి బంధువు భూమిని కొనే హక్కు) చెప్పి అడిగితే కొన్నాడు. రెండో పాదంలో యతి తప్పింది, ‘రా’కు ‘ఖై’ చెల్లదు. ఇలా దిద్దవచ్చు:

కావలింటను సిద్కియా కాచి నిలుప,

అర్థం కూడా బిగిసింది. యిర్మీయా ఉన్నది రాజనగరులోని కావలి ఆవరణలో. అందుకే హనమేలు లోపలికి రాగలిగాడు, అక్కడ కూర్చున్న యూదుల ఎదుటే క్రయం జరిగింది.

పూరణ 3, తొలి పాదం మాత్రమే
బురద గోతిలో దిగబడి పొగులుచుండి,

విమర్శ: బు–పొ యతి బాగుంది, సందర్భమే వేరు. బురద గొయ్యి 38వ అధ్యాయానిది. అక్కడ యిర్మీయాను దింపినవారు అధిపతులు. సిద్కియా వారికి అడ్డు చెప్పలేకపోయాడు. రాజనగరులో పనిచేసే కూషీయుడు ఎబెద్మెలెకు 30 మందిని వెంటబెట్టుకెళ్లి, తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పాత గుడ్డలు పెట్టించి పైకి లాగాడు. గోతిలో ఉన్నవాడు త్రాసు పట్టలేడు, సాక్షులను పిలవలేడు. ఈ పాదం వదిలేసి కావలి ఆవరణతోనే మళ్లీ మొదలుపెట్టండి.