‘సమాధానము’ అంటే జవాబా, శాంతా? (1 పేతురు 3:15)

సీతమ్మధార నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్కారం. బైబిలు పాత అనువాదంలో 1 పేతురు 3:15 ఇలా ఉంది: ‘నిర్మలమైన మనస్సాక్షి కలిగినవారై, మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి, మీ హృదయములయందు క్రీస్తును ప్రభువుగా ప్రతిష్ఠించుడి’. స్నేహితులతో వాదన వచ్చినప్పుడల్లా ఈ వాక్యం బయటికొస్తుంది. ‘అడిగినదానికి సమాధానం లేదు, ఇంకేటి నీ విశ్వాసం’ అని వాళ్లు. ‘ప్రతి ప్రశ్నకీ సమాధానం సిద్ధంగా ఉండాల్సిందే’ అని మనవాళ్లు. అసలు ఈ మాటకి ఇక్కడ అర్థమేంటి? చర్చిలో దీన్నే శాంతి అనే అర్థంలో ఎందుకు వాడతారు? మిషనరీలకి తెలుగు సరిగ్గా రాక జరిగిందా?

పాత పోస్టాఫీసు నుంచి:
చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది మన ఊరి సంగతి కాబట్టి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, ఇక్కడే తెలుగు అనువాదం మొదలుపెట్టారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ వాళ్లకి తోడున్నాడు. తర్వాత అదే సొసైటీ మిషనరీ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఇప్పుడు మనం చదివే పాఠం ఆ తర్వాత ఎన్నో సవరణలు దాటి వచ్చింది. అంత పని జరిగినచోట ‘తెలుగు రాక’ అనడం తేలిక మాట.

తమిళంలో, మలయాళంలో సమాధానం అంటే శాంతి. కన్నడంలో ఊరట, నెమ్మది. హిందీలో పరిష్కారం. సంస్కృతంలో సమ్, ఆ, ధా కలిసి ‘ఒకచోట సరిగ్గా అమర్చడం’. వేదాంతంలో శమాది షట్కం, అంటే సాధకుడికి ఉండాల్సిన ఆరు గుణాల్లో, ఆరోది సమాధానమే, అక్కడ చిత్తం ఒకచోట నిలవడం. శాస్త్రచర్చలో ఆక్షేపానికి చెప్పేదీ సమాధానమే. తెలుగులో జవాబు అన్న అర్థం ముందుకొచ్చి మిగతావి వెనక్కెళ్లాయి. పూర్తిగా పోలేదు. ‘సమాధానపడ్డారు’ అంటే జవాబిచ్చారని ఎవరూ అనుకోరు కదా.

గాజువాక నుంచి:
తేడా పట్టుకోడానికి విభక్తి చూస్తే చాలు. ‘-కి సమాధానం చెప్పు’ అయితే జవాబు, ‘-తో సమాధానం’ అయితే శాంతి. ‘సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి’, రోమా 12:18.

పాత పోస్టాఫీసు నుంచి:
విభక్తి చాలదండి. ‘మీకు సమాధానము కలుగును గాక’, యోహాను 20:19. అక్కడా ‘-కు’యే, అర్థం శాంతి. క్రియని చూడాలి. ‘చెప్పు’ ఉంటే జవాబు. ‘కలుగు’, ‘ఉండు’, ‘వెదకు’ ఉంటే శాంతి. ‘పడు’ ఉంటే రాజీ, సఖ్యత.

గాజువాక నుంచి:
ఒప్పుకున్నాను. క్రియే.

మద్దిలపాలెం నుంచి:
కొత్త నిబంధన మూలభాష గ్రీకుతో పోల్చి చూస్తే ఇంకా తేటపడుతుంది. యోహాను 20:19లో, రోమా 12:18లో ఉన్నది ఐరేనే మూలం, శాంతి. 2 కొరింథీ 5:20లో ‘దేవునితో సమాధానపడుడి’ దగ్గర కతల్లాసో, విరోధం పోయి కలవడం. మీరడిగిన పేతురు వాక్యంలో అపొలోగియా. ఇది కోర్టు మాట, ఆరోపణకి నిందితుడు చెప్పుకునే జవాబు. పౌలు అపొస్తలుల కార్యములు 22:1లో జనం ముందు చెప్పుకున్నదీ అదే. మూడు గ్రీకు మాటలు తెలుగులో ఒకే గూటికి చేరాయి. ఇటు చూస్తే ఐరేనే ఒక్కటే యోహాను 14:27లో ‘శాంతి’, 20:19లో ‘సమాధానము’ అయింది. అనువాదంలో ఇలాంటి అస్థిరత ఉంది, దాచక్కర్లేదు.

అసలు చమత్కారం పేతురు మూడో అధ్యాయంలోనే ఉంది. 11వ వచనంలో ‘సమాధానమును వెదకి దాని వెంటాడవలెను’, అక్కడ శాంతి. నాలుగు వచనాలు దాటగానే ‘సమాధానము చెప్పుటకు’, అక్కడ జవాబు. గ్రీకు పాఠకుడికి ఈ జంట వినపడదు, తెలుగు పాఠకుడికి వినపడుతుంది. దీన్ని అర్థానికి ప్రమాణంగా తీసుకోకూడదు గానీ, 15 ఒక్కటే చదివేవాళ్లని 11 నుంచి చదివించడానికి పనికొస్తుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఇంతకీ ప్రశ్నలో సగం మిగిలిపోయింది: ప్రతిదానికీ జవాబు ఉండాలా అని. వ్యాకరణం చూడండి. ఆ వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే, ‘ప్రతిష్ఠించుడి’. ‘సిద్ధముగా ఉండి’ క్త్వార్థకం, అంటే వాక్యాన్ని ముగించని అసమాపక క్రియ. గ్రీకులోనూ ఆజ్ఞ ప్రతిష్ఠించడమే, సిద్ధంగా ఉండడం దానికి వేలాడుతుంది. వాదనలో చాలామంది చేసే పొరపాటు మధ్య ముక్క కోసుకుని దాన్నే ఆజ్ఞ చేసేయడం.

రెండోది, హేతువు దేని గురించి? ‘మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి’. ఈ నిరీక్షణ మామూలు తెలుగులోలా ఎదురుచూపు మాత్రమే కాదు, ఎల్పిస్, ఆశ. స్నేహితుడు సృష్టి ఎన్ని వేల ఏళ్లదని అడిగితే ‘నాకు తెలియదు’ అనడం ఈ వాక్యానికి విరుద్ధం కాదు. ‘ఏ ఆశతో బతుకుతున్నావు’ అంటే చెప్పలేకపోవడం విరుద్ధం. హేతువాది అయిన స్నేహితుడు ‘హేతువు’ అన్న పదం పేతురులోనే ఉందని చూస్తే కాస్త ఆశ్చర్యపోతాడు. అక్కడ గ్రీకులో లోగోస్.

మూడోది, ‘భయముతోను’. 14లో ‘వారి బెదరింపునకు భయపడకుడి’ అని, వెంటనే 15లో భయంతో చెప్పమని. కాబట్టి ఈ భయం అడిగేవాడంటే కాదు, దేవుడంటే.

వాడుకకి: ముందు ప్రశ్నని మీ మాటల్లో తిరిగి చెప్పి, ‘ఇదేనా నువ్వడిగింది’ అని ఖాయం చేసుకోండి. ఒకసారికి ఒక్కటే తీసుకోండి. వాట్సాప్‌లో ఒకే సందేశంలో అయిదు ప్రశ్నలొస్తే అయిదుకీ రాయబోతే అయిదూ చెడతాయి. తెలియనిదాన్ని తెలియదనండి. గొంతు పెరిగితే ‘సాత్వికముతోను’ పోయినట్టే, అక్కడ ఆపేయండి.

సీతమ్మధార నుంచి:
సమాధానం చెప్పాల్సినవాడికే సందేహం ఉంటే?

మద్దిలపాలెం నుంచి:
మార్కు 9:24లో కొడుకు కోసం యేసు దగ్గరికి వచ్చిన తండ్రి మాట ఉంది కదండీ, ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’. గ్రీకులో సూటిగా ‘నా అపనమ్మకానికి సహాయం చేయి’ అని ఉంది. తెలుగులో అలాగే పెడితే అపనమ్మకం ఇంకా పెరగడానికి సాయం అడిగినట్టవుతుంది. అందుకే ‘ఉండకుండ’ అని తిప్పారు. తిప్పినందువల్ల ఒకటి పోయింది. మూలంలో ఆ తండ్రికి అపనమ్మకం అప్పటికే ఉంది, నమ్మకం పక్కనే. తెలుగులో అది ఇకముందు రాకుండా చూడమన్నట్టు వినపడుతుంది.

ఇంకొకటి. దిస్తాజో అనే క్రియ కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. మత్తయి 14:31లో నీళ్లమీద మునుగుతున్న పేతురుతో ‘అల్పవిశ్వాసీ, యెందుకు సందేహపడితివి’. 28:17లో ‘ఆయనకు మ్రొక్కిరిగాని, కొందరు సందేహించిరి’. దాని లోపల ‘రెండు’ ఉంది, అటా ఇటా అని ఊగడం. రెండో చోట మొక్కడమూ ఊగడమూ ఒకే వాక్యంలో ఉన్నాయి, ఆ కొందరిని బయటికి పంపిన మాట లేదు. ఆ వెంటనే వచ్చే ‘మీరు వెళ్లి’ అన్న యేసు ఆజ్ఞ వాళ్లకి కూడా. యాకోబు 1:8లోని ద్విమనస్కుడు మాత్రం వేరే పదం, దిప్సుఖోస్. రెంటినీ కలిపేసి సందేహం వచ్చినవాళ్లందర్నీ ద్విమనస్కులనడం తప్పు.

పాత పోస్టాఫీసు నుంచి:
న్యాయదర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం, చెప్పే పదహారు పదార్థాల్లో (విచారించాల్సిన విషయాల్లో) మూడోది సంశయం. అది లేకపోతే విచారణే మొదలవదు. గీత 4:40 మాత్రం ‘సంశయాత్మా వినశ్యతి’, సందేహించేవాడు నశిస్తాడు, అంటుంది. అంటే ఈ పేచీ ఒక్క బైబిలుదే కాదు.

గాజువాక నుంచి:
సందేహపడే స్నేహితుడితో ఎలా ఉండాలో యూదా 22 చెప్తుంది: ‘సందేహపడువారిమీద కనికరము చూపుడి’. అక్కడ ‘సమాధానము చెప్పుడి’ అని లేదు.