పాత ఆల్బమ్‌కి రీమాస్టర్ మేలా, మొదటి ముద్రణ మేలా?
(శ్రోతల చర్చ ఇది. ప్రతి మాటకీ పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

రెండో ట్రాక్
చెన్నైలో మన తెలుగు శ్రోతలు నలుగురు చేరితే ఈ వాదన మొదలవుతుంది, కాఫీ చల్లారేలోపు ఆగిపోతుంది. ఇక్కడ తేల్చుకుందాం. నా మాట సూటిగా చెప్తాను. పేరు పక్కన ‘రీమాస్టర్డ్’ (పాత రికార్డింగు శబ్దాన్ని మళ్లీ సవరించి విడుదల చేసింది) అని ఉంటే ఆ కాపీ గతి లేనప్పుడు వినాల్సింది. 1990ల మధ్య నుంచి వచ్చిన రీమాస్టర్లలో చాలావాటికి జరిగిన పని ఒక్కటే: లిమిటర్ బిగించి, పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న శబ్దాన్ని ఆ ఎత్తుకు లేపడం. డ్రమ్ దెబ్బకీ హమ్మింగ్‌కీ మధ్య ఉండాల్సిన దూరం పోతుంది. పది నిమిషాలకే చెవి అలిసిపోతుంది, కారణం మాత్రం తెలియదు.

ఆ రోగం ముదిరితే ఎలా ఉంటుందో వినాలంటే మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’, 2008. అది రీమాస్టర్ కూడా కాదు, కొత్త ఆల్బమే. శబ్దం హెచ్చుతగ్గుల మధ్య దూరాన్ని కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్‌లో దానికి వచ్చేది 3, అంకె ఎంత తగ్గితే పాట అంత నలిగినట్టు. అవే పాటలు ‘గిటార్ హీరో’ ఆటలో పగుళ్లు లేకుండా వినిపించాయి, ఎందుకంటే ఆటకి ఇచ్చిన ట్రాక్‌లకు ఆ ఆఖరి బిగింపు లేదు. అందుకే నా సలహా, 1983 నుంచి 1993 లోపు వచ్చిన సీడీ దొరికితే అదే కొనండి.

శ్రుతిపెట్టె
మొదటి ముద్రణ అంటే వేదం కాదు సార్. జాజ్‌లో అందరూ ముందు పేరు చెప్పే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తీసుకోండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం ఒకటి నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును సరైన వేగంలో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. అలా మొదటి వైపున్న మూడు పాటలూ దాదాపు పావు టోను ఎక్కువ శ్రుతిలో ముప్పై ఏళ్లకు పైగా అమ్ముడయ్యాయి. రెండో యంత్రం మీద సరిగా నమోదైన టేపును వాడి 1992లో సరిచేశారు. అంటే మీరు చెప్పిన కాలంలో వచ్చిన సీడీల్లో చాలావరకు తప్పు శ్రుతివే.

పరీక్ష తేలిక. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి అందులో మొదటి పాట ‘సో వాట్’ బాస్ వినండి. ముల్లు ‘డి’ దగ్గర నిలిస్తే సరిచేసిన కాపీ. ‘డి’కీ ‘డి షార్ప్’కీ నడుమ ఊగుతుంటే పాతది.

బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’లో ఇంకో వింత. ‘షీజ్ లీవింగ్ హోమ్’ మోనోలో ఒక శ్రుతి, స్టీరియోలో అర స్వరం కింద, నడక కూడా నెమ్మది. రెండూ 1967లోనే వచ్చాయి. ఇందులో ‘మొదటిది’ ఏదో మీరే చెప్పండి.

రెండో ట్రాక్
శ్రుతి సంగతి ఒప్పుకుంటా. కానీ అది యంత్రంలో తప్పు, దిద్దాల్సిందే. నేను తిడుతున్నది కావాలని చేసే చెరుపును. ఇంతకీ మన సంగీతంలో ఇలాంటి తప్పు ఎలా పట్టుకుంటారు? పియానోకి ఒకే శ్రుతి ఉంటుంది, గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో (సి షార్ప్) అయినా పాడొచ్చు, రెండు శ్రుతిలో (డి) అయినా పాడొచ్చు.

శ్రుతిపెట్టె
మంచి ప్రశ్న. ఒక్క ట్యూనర్‌తో తేలదు. కరెంటు హోరును పట్టుకోవాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, పాత రికార్డింగుల్లో ఆ హోరు సన్నగా టేపు మీదికి ఎక్కేది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పాట మొదలవడానికి ముందున్న నిశ్శబ్దాన్ని ఎంచుకుని స్పెక్ట్రమ్ చూడండి, సైజు 65536 పెట్టండి, లేకపోతే అంత సన్నటి తేడా కనబడదు. శిఖరం 50 దగ్గర కాకుండా 51.5 దగ్గర ఉంటే టేపు మూడు శాతం వేగంగా నడిచినట్టు, అంటే పావు టోను.

ఇందులో రెండు గోతులున్నాయి. హోరు అసలు రికార్డింగుది కాక డిజిటల్‌లోకి ఎక్కించినప్పటిది అయితే ఎప్పుడూ 50 దగ్గరే కనబడి మోసం చేస్తుంది. రెండోది, ఆ రోజుల్లో మన గ్రిడ్ కూడా 48కీ 51కీ మధ్య తూగేది. కాబట్టి శిఖరం ఆ రెంటి మధ్య ఉంటే సాక్ష్యంగా తీసుకోకండి. ఆ హద్దు దాటితే మాత్రం ఏదో జరిగినట్టే.

ముల్లు కింద ధూళి
ఇంత తంటా ఎందుకు? ఎల్పీ కొనండి. సీడీలో పెట్టినంత హెచ్చు శబ్దం గాడిలో పట్టదు, గాడిని కోసే కటింగ్ హెడ్ వేడెక్కిపోతుంది. అదే ఆల్బమ్ సీడీకి డైనమిక్ రేంజ్ 7 ఉంటే ఎల్పీ రిప్‌కి (కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాపీకి) 11 వస్తోంది, అంకెలే చెబుతున్నాయి.

కొత్తగా దిగేవాళ్లకి రెండు మాటలు. ముల్లు బరువు తక్కువైతే రికార్డుకి మంచిదన్నది ఉత్త భ్రమ. ఆడియో టెక్నికా వీఎమ్95ఈ కార్ట్రిడ్జ్‌కి (ముల్లు ఉండే ముక్కకి) 2 గ్రాములు చెప్పారంటే 2 గ్రాములే పెట్టండి. 1.5 పెడితే ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతూ గోడనే చెక్కేస్తుంది. వంద రూపాయల రికార్డు పాడవకుండా ఆపేది రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న డిజిటల్ త్రాసే, దాని గురించి బేరాలాడకండి. చెన్నై గాలికి కవర్లలో బూజు పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఐసోప్రొపైల్ కలిపి ఎల్పీ తుడవచ్చు. 78ల మీద (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డుల మీద) మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా పడకూడదు, లక్క కరిగిపోతుంది. 78కి ముల్లు కూడా వేరే, దాదాపు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 0.7 మిల్ ఉండే ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున ఉన్న చెత్తలో పొర్లుతుంది.

డెసిబెల్
ముల్లుగారూ, తుడిచే సలహా బంగారం, అంకెల సంగతి తప్పు. ఒకే మాస్టర్ నుంచి సీడీ, ఎల్పీ రెండూ చేసినా ఎల్పీ రిప్‌కి 2 నుంచి 4 అంకెలు ఎక్కువ చూపిస్తుంది. లిమిటర్ చదునుగా కోసిన శిఖరాలను గాడి, కార్ట్రిడ్జ్, ఫోనో ఈక్వలైజేషన్ కలిసి ఫేజ్ కదిపి మళ్లీ మొనదేలుస్తాయి. మీటర్ ఆ మొనలను చూసి మురిసిపోతుంది. పోయిన శబ్దమేదీ తిరిగి రాలేదు.

కొత్త ఎల్పీలు టేపు నుంచే కోస్తారన్న నమ్మకం కూడా ఉంది కదా. టేపు నుంచి నేరుగా అని అందరూ నమ్మిన మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా వాటిని పొగిడిన చెవులు ఆ మెట్టును పట్టుకోలేకపోయాయి. అంటే డిజిటల్ మెట్టు చెడ్డది కాదని, కళ్లు మూసుకుని వింటేనే నిజం తెలుస్తుందని.

ఇక ఎల్పీకి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి గాడి దగ్గర 21 మాత్రమే. అదే హెచ్చు స్థాయి శబ్దం ఇరుకులో ఇమడాలి, ‘స’కారాలు గరగరమంటాయి. ఫ్యూజన్ బృందం ‘శక్తి’ మొదటి ఆల్బమ్, 1976, చూడండి. రెండో వైపు అంతా ఒకే రచన, 29 నిమిషాలు. మామూలుగా ఒక వైపు 20, 22 నిమిషాలు పడితే హాయి. 29 పట్టించాలంటే గాళ్లు దగ్గరగా, శబ్దం తగ్గించి కోయాలి. విక్కు వినాయకరం ఘటం మీద వేలి కొసల పని రికార్డు చిటపటలో కలిసిపోతుంది. ఈ ఆల్బమ్‌కి సీడీనే నా ఓటు, చర్చ లేదు.

డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ 1985లో డిజిటల్‌గానే పుట్టింది. అప్పటి ఎల్పీలో పాటలు కత్తిరించి పెట్టారు. ‘వై వర్రీ’ సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలు, ఎల్పీలో అయిదు నిమిషాల పైచిలుకు. ‘అసలు ఎల్పీ’ అని దీనికి వేలు పోసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

కోడంబాకం కాసెట్
మీరంతా సీడీ, ఎల్పీ అంటున్నారు. 80ల్లో ఇక్కడే కోడంబాకం, సాలిగ్రామం స్టూడియోల్లో రికార్డైన మన సినిమా పాటలు ఎక్కువమంది ఇళ్లకి చేరింది కాసెట్‌గా. వాటిలో చాలావాటికి ‘మొదటి సీడీ’ అన్న వస్తువే లేదు. ఇప్పుడు ఫోన్‌లో వచ్చే కాపీ టేపు నుంచి తీశారో, ఎల్పీ నుంచి తీశారో రాయరు. పాట చివర మెల్లగా తగ్గేచోట చెవి పెట్టండి. సన్నటి ఏకధార ‘స్‌స్’ అయితే టేపు. ఒకటిన్నర, రెండు సెకన్లకోసారి లయగా టిక్కుమంటే రికార్డు. ఏమీ లేక ఒక్కసారిగా నీళ్లలో ముంచినట్టు ఆగిపోతే నాయిస్ రిడక్షన్ అతిగా వాడారు.

ఇంట్లో మంచి కాసెట్ ఉంటే మీరే ఎక్కించుకోండి, కానీ ముందు అజిముత్ (టేపుకి హెడ్ నిటారుగా ఉందో లేదో తెలిపే కోణం) సరిచూడాలి. డెక్ హెడ్‌కి రెండు పక్కలా స్క్రూలుంటాయి. స్ప్రింగ్ ఉన్నదే కదపాలి, రెండోది హెడ్ ఎత్తుకి సంబంధించింది, దాన్ని ముట్టుకుంటే డెక్ పనైపోయినట్టే. మోనో బటన్ నొక్కి, అయస్కాంతం అంటని చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ తాళాల మోత ఎక్కడ పదునుగా ఉందో అక్కడ ఆపండి. మోనో ఎందుకంటే హెడ్ వంకరగా ఉంటే రెండు ఛానెళ్ల పైశబ్దాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా వెంటనే తెలుస్తుంది. మామూలు ఫెర్రిక్ కాసెట్‌కి 120 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్, 70 మీద పెడితే పాట మందంగా అవుతుంది. డాల్బీ గుర్తు లేని కాసెట్‌కి డాల్బీ వేసి ‘హిస్ పోయింది’ అని సంబరపడేవాళ్లు వయొలిన్లు కూడా పోయాయని గమనించరు.

ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’, 1986, వినడానికి ఇది చాలా ముఖ్యం. త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్, బలమంతా తీగల గుంపులో విల్లు రాపిడి. హిస్ తగ్గించడానికి పైశబ్దం కోస్తే ఆ రాపిడి పోయి కీబోర్డు తీగల్లా వినిపిస్తుంది. నాకు హిస్ ఉన్న కాపీయే కావాలి.

మార్గళి
మీరు వాదిస్తున్నది పైమెరుగు గురించి. కర్ణాటక సంగీతంలో అసలు నష్టం కత్తెర దగ్గర జరిగింది. ఎల్పీ ఒక వైపు 22 నిమిషాలు కాబట్టి రాగం కుదించారు, నెరవు (ఒకే పాదాన్ని తిప్పితిప్పి పాడటం) కోశారు, తని ఆవర్తనం (తాళవాద్యాల సొంత వాయింపు) మూడు నిమిషాల లాంఛనం చేశారు. పైగా డెసిబెల్ గారు చెప్పిన ఇరుకు గాడి ఎక్కడ? వైపు చివర. కల్పనస్వరాలు జోరందుకునేది, మృదంగం విజృంభించేది సరిగ్గా అక్కడే. ఏ రీమాస్టరూ దాన్ని బాగుచేయలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘బాలాజీ పంచరత్నమాల’ అయిదు ఎల్పీలు నిండుగా అనిపిస్తాయి, ఎందుకంటే కీర్తనలు, స్తోత్రాలు ఆ కొలతకి సరిపోయాయి. కచేరీ కొలతకి ఎల్పీ సరిపోదు.

నాయిస్ రిడక్షన్ మాట మాత్రం కాసెట్ గారితో కలుపుతాను. తంబూరా ఆగకుండా మోగే సన్నటి శబ్దం కనుక సాఫ్ట్‌వేర్ దాన్ని హిస్ అనుకుంటుంది. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో వినండి. తంబూరా అక్కడ మాయమై, గొంతు ఎత్తగానే మళ్లీ ప్రత్యక్షమైతే ఆ కాపీ పారేయండి. ఘంటసాలగారి భగవద్గీత వంటి గొంతు ప్రధానమైన వాటికీ ఇదే పరీక్ష: శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య గది గాలి వినిపించాలి.

అలాగని ‘సహజంగా ఉండాలి’ అన్న కొలత అన్నిటికీ పట్టుకెళ్లకండి. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’, 1995, స్టూడియోలో పొరలు పొరలుగా కట్టిందే. అందులో ప్రతిధ్వనే ఒక వాయిద్యం. దాన్ని కచేరీ చెవితో విని ‘మాండొలిన్ దూరంగా ఉంది’ అనడం అన్యాయం.

(శబ్దం పెంచే పోటీ మెటల్‌దే అనుకుంటున్నారా? డిసెంబర్ సీజన్‌లో ఏ సభలోనైనా మృదంగం మైకు కింద కూర్చోండి.)

వేపర్
మెటల్, రాక్ వాళ్లకి ఒక్క మాట. రీమాస్టర్, రీమిక్స్ ఒకటి కాదు: మొదటిది కలిపేసిన పాటకి చేసే తుది మెరుగు, రెండోది వాయిద్యాలను, గొంతును మళ్లీ మొదటినుంచి కలపడం. రష్ బృందం ‘వేపర్ ట్రెయిల్స్’, 2002, రికార్డింగ్, మిక్సింగ్ దగ్గరే పగిలింది. మాస్టరింగ్‌తో బాగుపడేది కాదు. 2013లో మొత్తం కొత్తగా మిక్స్ చేశాకే గిటార్లు ఒకదాన్నుంచి ఇంకొకటి విడివడ్డాయి. ‘డెత్ మాగ్నెటిక్’ కూడా మాస్టరింగ్‌కి వచ్చేసరికే నలిగిపోయి ఉంది. తప్పు ఏ మెట్టులో జరిగిందో చూడకుండా మాస్టరింగ్ ఇంజినీర్‌ని తిట్టకండి.

రెండో ట్రాక్
సరే, ‘1993 లోపు’ అన్న నా నియమం జాజ్‌కి పనికిరాలేదు, సినిమా పాటకి అన్వయించదు. రాక్‌కి మాత్రం వదలను. ఆ సీడీ కొన్నవాళ్లకి ఒక హెచ్చరిక: 80ల తొలి సీడీల్లో కొన్నిటికి, ముఖ్యంగా జపాన్‌లో ముద్రించినవాటికి, ప్రీ-ఎంఫసిస్ (పైశబ్దాలను కావాలని పెంచి ముద్రించడం) ఉంటుంది. ప్లేయర్ దాన్ని తనే సరిచేస్తుంది. కంప్యూటర్‌లోకి తీస్తే ఆ సరిదిద్దడం జరగక గీకినట్టు వినిపిస్తుంది. ‘పాత సీడీ పల్చగా ఉంది, రీమాస్టరే మేలు’ అన్న తీర్పుల్లో కొన్ని ఇలా పుట్టినవే.

డెసిబెల్
రాక్‌కి కూడా చెవితో కాదు, అంధపరీక్షతో తేల్చండి. ఫూబార్2000 అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో రెండు కాపీలకీ రీప్లేగెయిన్ స్కాన్ చేయండి, శబ్దం సమం కావాలి. ఒక్క డెసిబెల్ హెచ్చున్నా చెవి దాన్నే ‘మంచిది’ అంటుంది. తర్వాత ఏబీఎక్స్ (వినిపించేది ఏ కాపీయో చెప్పకుండా మిమ్మల్ని పోల్చమనే పరీక్ష) పెట్టి 16 సార్లు వినండి. 12 సరిగ్గా చెప్తే నిజంగా తేడా వినిపించినట్టు. 9, 10 అయితే బొమ్మాబొరుసే. రెండు కాపీల వేగంలో తేడా ఉంటే పరీక్ష చెల్లదు, శ్రుతిని బట్టి దొరికిపోతుంది.

స్పాటిఫై మామూలుగా అన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి తెచ్చేస్తుంది. కాబట్టి బిగించిన రీమాస్టర్‌కి అక్కడ గట్టిగా వినిపించే లాభం పోయి, చప్పగా ఉండటం మాత్రం మిగులుతుంది. ఆ సెట్టింగ్ ఆపేసి పోల్చేవాళ్లు శబ్దాన్ని పోలుస్తున్నారు, ఆల్బమ్‌ని కాదు.

ముల్లు కింద ధూళి
అంకెల మాట వెనక్కి తీసుకుంటున్నా, ఎల్పీలు కాదు. వేగం గొడవ వచ్చింది కాబట్టి అడుగుతున్నా: స్ట్రోబ్ డిస్క్ (రికార్డు వేగం సరిచూసే చుక్కల బిళ్ల) పెడితే చుక్కలు అసలు నిలబడటం లేదు, ఉత్త బూడిదరంగు చక్రం కనిపిస్తోంది. మోటారు పోయిందా?

శ్రుతిపెట్టె
మోటారు కాదండీ, పైనున్న ఎల్‌ఈడీ బల్బు. మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ కరెంటుతో పాటు మిణకదు. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద పెట్టండి, సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 33⅓కి 180 చుక్కలున్న వరస చూడాలి. 216 చుక్కల వరస అమెరికా 60 హెర్ట్జ్‌ది, దాన్ని చూసి వేగం తిప్పితే మీ రికార్డులన్నీ శ్రుతి దిగిపోతాయి.