2.5 స్క్వేర్ ఎంఎం కేబుల్ 20 ఆంపియర్లు మోస్తుంది, మోటర్ తీసుకునేది 9 మాత్రమే: మరి బోరు దూరమైతే మోటర్ ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: దేవరకొండ మెట్ట రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ ప్రాంతం. స్టార్టర్ డబ్బా పక్కనే ఉన్న పాత బోరు ఎండిపోవడంతో చేనుకు అవతలి గట్టున కొత్త బోరు వేయించాం. డబ్బా నుంచి ఆ బోరు దాకా నేల మీద 180 మీటర్లు ఉంటుంది. బోరులో మోటర్‌ను 420 అడుగుల లోతుకు దించాం. మోటర్ పాతదే, 5 హెచ్‌పీ త్రీఫేజు సబ్‌మెర్సిబుల్. స్టార్టర్ కూడా పాతదే, నేరుగా లైన్‌కు కలిపే డీఓఎల్ రకం. కేబుల్ మాత్రం కొత్తగా తెచ్చిన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లాట్ కేబుల్. ముందు ముందు మోటర్‌ను ఇంకా దించవలసి వస్తే పనికొస్తుందని, మిగిలిన 40 మీటర్లను కోయకుండా చుట్ట చుట్టి డబ్బా దగ్గరే వేలాడదీశాం.

పాత బోరులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ఈ మోటర్, ఇప్పుడు రాత్రిళ్లు ఒక్క నొక్కుకే లేస్తున్నది కాని, పగటి పూట గుర్రుమని మూలిగి ఆగిపోతున్నది, కరెంటు మితిమీరితే మోటర్‌ను ఆపేసే రిలే పడిపోతున్నది. డబ్బా మీది మీటరు పగలు 370 వోల్టులు, రాత్రి 400కు పైన చూపుతున్నది. నడిచినప్పుడు 9 ఆంపియర్లు తీసుకుంటున్నది.

కేబుల్ పొడవు ఎక్కువైందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఈ కేబుల్ 20 ఆంపియర్లకు పైగానే మోస్తుంది, మీ మోటర్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు, పొడవుతో పని లేదని కేబుల్ అమ్మిన దుకాణం ఆయన అంటున్నాడు. ఇద్దరి మాటా సబబుగానే తోస్తున్నది. తెలిసిన వారు వివరించగలరు.

జవాబు 1: నాగర్‌కర్నూల్ పల్లి చేను

మా ఊళ్లోనూ ఇలాంటి సమస్యే వచ్చింది. స్టార్టర్ డబ్బాను తీసుకుపోయి కొత్త బోరు పక్కన బిగించండి; స్టార్టర్‌కూ మోటర్‌కూ మధ్య దూరం తగ్గితే మోటర్ లేస్తుంది.

జవాబు 2: పాలమూరు భౌతికశాస్త్రం సార్

దుకాణం ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అయితే ఆయన మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఒక తీగ ఎన్ని ఆంపియర్లు మోయగలదు అనేది, దాని మీది తొడుగు కరగకుండా ఎంత వేడిని తట్టుకోగలదు అన్న లెక్క. ఒక మీటరు తీగలో పుట్టిన వేడి ఆ మీటరు నుంచే బయటికి పోతుంది కనుక, తీగ పది మీటర్లు ఉన్నా వెయ్యి మీటర్లు ఉన్నా ఆ అంకె మారదు. ఆ లెక్కలో పొడవుకు చోటే లేదు. మోటర్ దగ్గరికి ఎన్ని వోల్టులు చేరతాయి అన్నది వేరే లెక్క, అక్కడ పొడవే ప్రధానం.

లోహపు తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు కదులుతూ, కంపిస్తున్న అయాన్లతో అడుగడుగునా ఢీకొంటూ శక్తిని పోగొట్టుకుంటాయి. ప్రతి మీటరూ తన వంతు అడ్డు పెడుతుంది. మీటర్లన్నీ ఒకదాని వెనుక ఒకటి శ్రేణిలో ఉన్నాయి కాబట్టి ఆ అడ్డులన్నీ కూడుకుంటాయి. అందుకే మందం, లోహం, ఉష్ణోగ్రత మారనంత వరకు, పొడవు రెట్టింపైతే నిరోధం కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. మధ్యచ్ఛేద వైశాల్యం పెరిగితే మాత్రం ఎలక్ట్రాన్లకు పక్కపక్కనే ఎక్కువ దారులు దొరికినట్టు, నిరోధం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. జర్మనీకి చెందిన ఓమ్ 1826లో ప్రచురించిన ప్రయోగాల్లో చేసింది కూడా ఇదే: ఒకే మందం గల రాగి తీగలను వేర్వేరు పొడవుల్లో తీసుకుని, ఒక కొన మరిగే నీటిలో, మరో కొన మంచులో ఉంచిన ఉష్ణయుగ్మంతో (రెండు వేర్వేరు లోహాలను కలిపిన జంటతో) ప్రవాహాన్ని పుట్టించి, పొడవు పెరిగే కొద్దీ అది ఎలా తగ్గుతున్నదో కొలిచాడు. ఆయన పేరుతో ఈనాడు పిల్లలు వల్లించే నియమం ఆ పొడవుల లెక్కల నుంచే వచ్చింది.

ఇక మీ కేబుల్ సంగతి. ఒక స్క్వేర్ ఎంఎం మందం గల రాగి తీగకు 20 డిగ్రీల దగ్గర మీటరుకు 0.0172 ఓమ్‌లు ఉంటుంది. 420 అడుగులంటే 128 మీటర్లు, నేల మీద 180, చుట్టలో 40. మొత్తం దాదాపు 350 మీటర్లు. 0.0172ను 350తో గుణించి 2.5తో భాగిస్తే, ఒక్కొక్క ఫేజు తీగకు 2.41 ఓమ్‌లు వస్తుంది. మోటర్ 9 ఆంపియర్ల దగ్గర నడుస్తూ, పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటుల లబ్ధంలో నిజంగా పనికి వచ్చే వంతు) 0.8 ఉందనుకుంటే, ఫేజుకూ ఫేజుకూ మధ్య తగ్గే వోల్టేజి 1.73 × 9 × 2.41 × 0.8, అంటే 30 వోల్టులు. డబ్బా దగ్గర 370 ఉన్నప్పుడు మోటర్‌కు అందేది 340 మాత్రమే. పంపు లాగే బరువు తగ్గదు కాబట్టి, తక్కువ వోల్టేజి మీద అదే పని చేయడానికి మోటర్ మరింత కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో పోయే వోల్టేజి ఇంకా పెరుగుతుంది.

అయినా 340 వోల్టుల మీద తిరుగుతున్న మోటర్ ఎలాగో నెట్టుకొస్తుంది. అసలు ఇబ్బంది లేచేటప్పుడు. డీఓఎల్ స్టార్టర్ మీద ఈ రకం మోటర్ లేచే క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు అడుగుతుంది. ఆరు రెట్లు అనుకుని, అప్పటి పవర్ ఫ్యాక్టర్ 0.5 అనుకుని లెక్క వేస్తే, డబ్బా దగ్గరి వోల్టేజిలో నాలుగో వంతు కేబుల్‌లోనే పోతుంది. 370లో మోటర్‌కు దక్కేది 275 దరిదాపుల్లో ఉంటుంది. మీది లాంటి ఇండక్షన్ మోటర్ తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, 415 వోల్టుల మీద అది చూపే బలంలో సగం కూడా అందదు. తిరగలేక మూలుగుతూ కరెంటు లాగుతూ ఉండడం వల్ల రిలే పడిపోతున్నది. రిలే పడడం మీ అదృష్టం. దాన్ని ఎక్కువ ఆంపియర్లకు తిప్పి పెట్టడం లాంటి పని చేయకండి, వైండింగ్ కాలుతుంది.

నాగర్‌కర్నూల్ మిత్రుని సలహా గురించి ఒక మాట. డబ్బాను బోరు పక్కకు మార్చినంత మాత్రాన మోటర్‌కు చేరే తీగ పొడవు తగ్గదు. డబ్బా నుంచి బోరు దాకా ఉన్న తీగ, ఇప్పుడు స్తంభం నుంచి డబ్బా దాకా ఉన్న తీగ అవుతుంది. వారి ఊళ్లో పని చేసిందంటే, బహుశా మార్చేటప్పుడు మందమైన సర్వీసు తీగ లాగి ఉంటారు.

మరొకటి: కాలువ చివరి భూములకు నీళ్లు తగ్గినట్టు, దూరం పోయే కొద్దీ కరెంటు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. డబ్బా దగ్గర 9 ఆంపియర్లు ఉంటే బోరు అడుగున కూడా 9 ఆంపియర్లే ఉంటుంది. దారిలో తరిగేది వోల్టేజి.

జవాబు 3: కల్వకుర్తి వైండింగ్

సార్ లెక్క సరిగ్గా ఉంది. మా దగ్గరికి వైండింగ్‌కు వచ్చే మోటర్లలో ఇలా తక్కువ వోల్టేజి మీద నడిచి, మూడు ఫేజుల చుట్లూ సమానంగా నల్లబడినవి మామూలే; ఒక ఫేజు పోయి కాలినవి అలా ఉండవు, చూడగానే తేడా తెలుస్తుంది.

మల్టీమీటర్‌తో కేబుల్ నిరోధం కొలుద్దామని చూడకండి. దాని రెండు తీగలకే కొన్ని పదుల మిల్లీ ఓమ్‌ల నుంచి అర ఓమ్ దాకా ఉంటుంది కనుక, రెండు ఓమ్‌ల కొలతను నమ్మడం కష్టం. మోటర్ నడుస్తుండగా డబ్బా దగ్గర ఒకసారి, బోరు మూతి దగ్గరి జాయింటులో ఒకసారి వోల్టేజి కొలిస్తే, నేల మీది కేబుల్ ఎంత తినేస్తున్నదో నేరుగా తెలుస్తుంది. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

మొత్తం కేబుల్ మార్చవలసిన పని లేదు. బోరులోకి దిగిన 128 మీటర్లకు 2.5 రాగినే ఉంచండి, అది నీళ్లలో చల్లగా ఉంటుంది. నేల మీది 180 మీటర్లకు మాత్రం 6 స్క్వేర్ ఎంఎం రాగి కాని, 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కాని లాగండి. ఒక స్క్వేర్ ఎంఎం అల్యూమినియం తీగకు మీటరుకు 0.028 ఓమ్‌లు గనుక, ఈ రెండింటి నిరోధమూ దాదాపు ఒకటే, 180 మీటర్లకు సుమారు అర ఓమ్. ధరలో మాత్రం అల్యూమినియం చవక. చుట్టను తీసేసి ఇలా చేస్తే మొత్తం 1.4 ఓమ్‌లకు దిగుతుంది, 30 వోల్టులకు బదులు 17 పోతాయి. రాగీ అల్యూమినియమూ కలిసే చోట మాత్రం రెండింటినీ కలిపి మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. అల్యూమినియం మీద గాలి తగిలి ఏర్పడే పొర కరెంటును పోనివ్వదు, తేమ తగిలితే లోహం తినేస్తుంది. ఆ ఒక్క జాయింటే వంద మీటర్ల తీగంత నిరోధం తెచ్చిపెట్టగలదు. బైమెటాలిక్ లగ్గులు (ఒక వైపు రాగి, మరో వైపు అల్యూమినియం ఉండే కొనలు) వేయించి, పెట్టెలో బిగించండి.

ప్రశ్న కొనసాగింపు: దేవరకొండ మెట్ట రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. పదో తరగతి చదివే మా అన్న కొడుకు, చుట్టిన తీగకు నిరోధం ఎక్కువ ఉంటుందా, చుట్ట విప్పి నేల మీద పరిస్తే తగ్గుతుందా అని అడుగుతున్నాడు. రెండోది, కేబుల్ అదే అయినప్పుడు రాత్రి ఎందుకు లేస్తున్నది?

జవాబు 4: పాలమూరు భౌతికశాస్త్రం సార్

చుట్టినా పరిచినా 40 మీటర్లు 40 మీటర్లే. విప్పినంత మాత్రాన నిరోధం తగ్గదు, కోసి తీసేస్తేనే తగ్గుతుంది. మూడు ఫేజుల తీగలూ ఒకే కేబుల్‌లో ఉన్నందున వాటి అయస్కాంత క్షేత్రాలు దాదాపుగా రద్దవుతాయి, కనుక చుట్ట వల్ల వేరే అడ్డు కూడా ఏమీ పెద్దగా రాదు. అయితే చుట్టలో వేడి బయటికి పోలేదు. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. వేసవి ఎండలో, లోపలి వేడితో కలిసి 60 డిగ్రీలకు చేరిన తీగ, 20 డిగ్రీల లెక్క కంటే 16 శాతం ఎక్కువ నిరోధం చూపుతుంది. మొదట చెప్పిన దుకాణం లెక్క కూడా ఇక్కడ చెడుతుంది, ఎందుకంటే 20 ఆంపియర్ల అంకె గాలి తగిలే తీగకు ఇచ్చినది, చుట్టిన తీగకు కాదు.

రాత్రి సంగతి: పొడవు లెక్క మీ కేబుల్‌తో మొదలు కాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ స్తంభం దాకా ఉన్న లైనుకూ నిరోధం ఉంది, పగలు ఆ లైను మీద అందరి మోటర్లూ ఒకేసారి నడుస్తాయి కనుక అక్కడ పోయే వోల్టేజి ఎక్కువ. నిబంధనల ప్రకారం 415 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ మాత్రమే ఉండవచ్చు, అంటే 390 కంటే తగ్గకూడదు. మీకు పగలు 370 వస్తున్నదంటే, ఆ విషయం విద్యుత్ సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వవలసినదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉన్నందువల్ల, ఈ కేబుల్ ఎంత విద్యుత్ శక్తిని వేడిగా మారుస్తున్నదో బిల్లులో కనబడదు. లెక్క చెప్పాలంటే, 9 ఆంపియర్ల దగ్గర మూడు తీగలూ కలిసి 585 వాట్లు వేడి పుట్టిస్తున్నాయి. చుట్ట తీసేసి, నేల మీది తీగ మారిస్తే అది 340కి దిగుతుంది.

జవాబు 5: కల్వకుర్తి వైండింగ్

కోసిన 40 మీటర్లను పారేయకండి, బోరులోకి దించడానికి అదే పనికొస్తుంది. కొత్త తీగ లాగిన తరువాత కూడా పగలు 370 దగ్గరే ఉండి మోటర్ లేవకపోతే, మరోసారి ఇక్కడ అంకెలు రాయండి. అప్పుడు స్టార్టర్ రకం మార్చాలా వద్దా చూద్దాం.