ఫిలిప్పీన్స్ కర్ర, కత్తి విద్య ఎస్క్రీమా పుట్టుక: లాపులాపు నాటిదా, స్పెయిన్ ఇచ్చిందా, సెబూ క్లబ్బుల్లో తయారైందా?

బెత్తం28
ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2009 డిసెంబరులో 9850 నంబరు చట్టంతో ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. ఎస్క్రీమా, కాలి, గరోటె దాని మారుపేర్లేననీ, అది ఆ దేశపు సొంత విద్య అనీ అందులోనే ఉంది. సెబూ దీవిలో మాత్రం ఎదుటివాడికి ఉండే దూరాల పేర్లు లార్గో (దూరం), మెదియో (మధ్య), కోర్తో (దగ్గర). కుడిచేత కత్తి, ఎడమచేత బాకు పడితే ఎస్పాదా ఇ దాగా. అంతా స్పానిషే. దీన్ని చూపించి ‘స్పెయిన్ నేర్పిన విద్య’ అని తేల్చేసేవాళ్లు ఎక్కువయ్యారు. 1565 నుంచి 1898 దాకా సాగిన పాలనలో పేర్లు మారడంలో వింతేముంది? కంపిలాన్, కాలిస్ లాంటి కత్తులు అంతకుముందే ఉన్నాయి. కత్తులున్నచోట సాధన ఉండదా? 1521 ఏప్రిల్ 27న సెబూ పక్కనున్న మక్తాన్ దీవి ఒడ్డున స్పెయిన్ దండు నాయకుడు మగెల్లాన్‌ని పడగొట్టింది ఈ విద్యేనని నా వాదన.

వాదర
సాధన ఉండే ఉంటుంది. అది ఈ సాధనేనా అన్నది ప్రశ్న. ఆ రోజు మగెల్లాన్ వెంట అక్కడే ఉన్న పిగాఫెట్టా ఏం రాశాడో వరసగా చూడండి. మక్తాన్ నాయకుడు లాపులాపు మనుషులు డాళ్లు పట్టుకుని, బాణాలు, వెదురు ఈటెలు, కొస కాల్చి గట్టిపరచిన కర్రలు, రాళ్లు విసిరారు. స్పానిష్ వాళ్ల కాళ్లకు కవచం లేదని కనిపెట్టి అక్కడే గురిపెట్టారు. మగెల్లాన్ కుడికాలికి విషపు బాణం తగిలింది. చేతికి ఈటె పోటు పడటంతో కత్తిని సగం వరకే దూయగలిగాడు. ఎడమకాలి మీద పెద్ద కత్తి వేటు పడింది ఆ తర్వాతే. అంటే కత్తి వంతు వచ్చింది చిట్టచివర. 1609లో అచ్చైన స్పెయిన్ అధికారి మోర్గా పుస్తకంలోనూ ఈటె, డాలు, నడుముకు బాకు కనిపిస్తాయి.

ఇవాళ్టి ఎస్క్రీమాలో డాలు ఎక్కడ? ఈటె ఎక్కడ? డాలుతో పోరాడేవాడు మామూలుగా డాలు వైపు కాలు ముందుకు పెడతాడు. ఎస్క్రీమాలో ఎక్కువగా కర్ర పట్టిన చేతివైపు కాలు ముందుంటుంది. నిలబడే తీరే మారిపోయాక ‘అదే విద్య’ అనడం కుదరదు.

తీరబురుజు
అందుకే స్పెయిన్ కాలాన్ని పక్కకు నెట్టకూడదు. 1603లో మనీలా చైనీయుల తిరుగుబాటును అణచడానికే స్పెయిన్ వాళ్లు కపంపాంగన్ (పంపాంగా ప్రాంతపు) సైనికులను దింపారు. ఆ తర్వాత కూడా స్పెయిన్ దండులో వాళ్లు ఉంటూనే వచ్చారు. సెబూ ఉన్న విసాయాస్ దీవుల తీరాన్ని దక్షిణాన ఉన్న సులు, మిందనావో నుంచి వచ్చే పడవదాడులు పీడించేవి. దక్షిణ సెబూలో బోల్హోన్ లాంటి ఊళ్లలో చర్చిల చుట్టూ కోటగోడలు, కాపలా బురుజులు లేచాయి ఇందుకే. ఊరి జనాన్ని తక్కువ రోజుల్లో పోరుకు సిద్ధం చేయాలంటే దెబ్బలకు అంకెలు పెట్టి, వరసలో నిలబెట్టి కొట్టించాలి. ఎస్క్రీమాలోని అబెసెదారియో, సింకో తెరోస్ అలాంటి పాఠాలే.

ఇంకొకటి. ‘1764లో స్పెయిన్ అధికారి సిమోన్ దె అందా ఈ విద్యను నిషేధించాడు, జనం కొమెదియా నాటకాల్లో దాచుకున్నారు’ అని ప్రతి వెబ్‌సైటూ రాస్తుంది. ఆజ్ఞ పాఠం మాత్రం ఎవరూ చూపరు. 1762 నుంచి 1764 దాకా మనీలా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. అందా పంపాంగాలోని బకోలోర్‌లో కూర్చుని స్థానికులకే ఆయుధాలిచ్చి పోరాడాడు. ఆ మనిషి అదే అదనులో వాళ్ల కత్తిసాధన ఆపించాడంటే పొసగదు. పైగా బోలో కత్తి లేనిదే కొబ్బరికాయ కొట్టలేరు, పొద నరకలేరు. ఇంటింటా ఉన్న పనిముట్టును నిషేధించేదెలా?

బెత్తం28
నిషేధం కథ నమ్మదగింది కాదు, సరే. కానీ స్పెయిన్ బళ్లలో నేర్పింది రేపియర్ అనే సన్నటి పొడవు కత్తి. దాని అలుగు మీటరు పైచిలుకు, పని ముఖ్యంగా పొడవడం. ఎస్క్రీమా కర్ర 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. దెబ్బల్లో సగానికి పైగా నరుకుళ్లు. అది బోలో పట్టిన చెయ్యి.

ఎడమచెయ్యి
మీ ముగ్గురూ 20వ శతాబ్దాన్ని వదిలేశారు. లబాంగోన్ ఫెన్సింగ్ క్లబ్ 1920లో మొదలైంది. 1932లో దోసె పారెస్, 1952లో వెనాన్సియో బకోన్ ఆధ్వర్యంలో బలింతవాక్ అనే క్లబ్బులు వచ్చాయి. మూడూ సెబూ నగరంలోనివే. వేరు వేరు కుటుంబాలు తమ తమ పద్ధతులను ఒక కప్పు కింద పోల్చుకున్నదీ, సవాలు పోటీల్లో కర్రతో తేల్చుకున్నదీ ఇక్కడే. చాలా క్లబ్బుల్లో నేర్పేది ఆ పోటీల్లో నిలిచిన విద్య.

రుజువు ఎడమచేతిలో ఉంది.    బలింతవాక్‌లో ఎడమచెయ్యి ఎదుటివాడి కర్రను తోస్తుంది, పడుతుంది, మెలిపెట్టి లాగేస్తుంది. ఎదుట ఉన్నది పదునైన కత్తి అయితే మొదటి పట్టుకే వేళ్లు తెగుతాయి. అసలు ఎస్పాదా ఇ దాగాలో ఎడమచేతిలో బాకు ఉంటుంది, పట్టుకోవడానికి చెయ్యే ఖాళీ ఉండదు. కాబట్టి ఈ పట్లన్నీ కర్ర చేతికొచ్చాక పుట్టినవి. రత్తన్ బెత్తం దీనికి తోడైంది. గట్టిచెక్క విరిగితే మొన తేలి కంట్లో దిగే ప్రమాదం ఉంది. రత్తన్ పీచులుగా చీలుతుంది, కాబట్టి రోజూ గట్టిగా కొట్టి సాధన చేయొచ్చు.

వాదర
పట్ల విషయంలో మీదే సరైన మాట. అంకెలు పెట్టి నేర్పే పన్నెండు దెబ్బల వరసకు మాత్రం ఇది చాలదు. రెమీ ప్రెసాస్ రూపొందించిన మోడర్న్ ఆర్నిస్ పద్ధతిలో 5వది పొట్టలోకి పోటు, 6, 7 ఛాతీలోకి, 10, 11 కళ్లలోకి. పన్నెండింట ఐదు పోట్లు. పోటీలో గెలవడానికి గుండ్రటి కర్రతో ఇన్ని పోట్లు అక్కర్లేదు. ఇది మొన ఉన్న ఆయుధం మిగిల్చిన జాడ.

బెత్తం28
అయితే పరీక్ష ఇలా పెట్టండి. పినూతి అనే సెబూ కత్తి ఆకారంలో చెక్కకత్తి చేయించి, పదునువైపు సుద్ద రాయండి. వ్రేళ్ల కణుపుల వరస పదునుకు సూటిగా ఉండాలి, లేకపోతే వేటు చదునుగా తగులుతుంది, సుద్ద జాడ తప్పుతుంది. ఒక్కో పట్టూ మెల్లగా ఆడితే సుద్ద అరచేతికి అంటినవి కర్ర కాలానివి. మణికట్టునో, కత్తి వీపునో తోసేవాటికి సుద్ద అంటదు, పినూతికి పదును ఒకవైపే కాబట్టి. అలాంటివి బలింతవాక్‌లోనే బోలెడున్నాయి. వాటిని 1952 ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను.

ఎడమచెయ్యి
సుద్ద పరీక్ష బాగుంది, కానీ వేగంతో కూడా ఆడించండి. మెల్లగా వీపు మీద పడే చెయ్యి, ఎదుటివాడు కత్తి వెనక్కి లాగేటప్పుడు పదును మీదికి జారుతుంది. అప్పుడూ సుద్ద అంటని వాటి జాబితా పెడితే, వాటి వయసు గురించి మాట్లాడుకుందాం.