కోబ్రా కై చూసినోళ్లు ఎవరన్నా ఉన్నారా? ‘కరాటే కిడ్’ మూడో సినిమా ఎప్పుడు వేయాలి?

కర్నూల్లో కరాటే నేర్చుకునే పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో, ‘కరాటే కిడ్’ సినిమాలకు కొనసాగింపుగా వచ్చిన ‘కోబ్రా కై’ సిరీస్ వేయాలని. ముందు 1984 ‘కరాటే కిడ్’ తప్పదు: ఆఖరి పోటీలో హీరో డేనియల్ ఒంటికాలి మీద నిలబడి మొహానికి తన్నిన తన్ను చెల్లుతుందా, చెల్లదా అన్న గొడవ మీదే సిరీస్ నడుస్తుంది. 1986 రెండో భాగం చూడకుంటే మూడో సీజన్‌లో జపాన్‌లోని ఒకినావా, అక్కడి పాత్రలు కుమికో, చోజెన్ ఎవరికీ అంతుపట్టవు. 2010 సినిమా అక్కర్లేదు, అందులో నేర్పేది కుంగ్‌ఫూ.

చిక్కల్లా 1989 మూడో భాగంతోనే. రెండు గంటల సాగదీత, పిల్లలు లేచిపోతారు. కానీ అందులోని విలన్ టెర్రీ సిల్వర్ సిరీస్ కథలోకి నాలుగో సీజన్‌కు గానీ రాడు. అందుకని మూడు సీజన్లు అయ్యాక వేస్తే నడుస్తుందా, మొదట్లోనే వేసేయాలా? పన్నెండేళ్ల లోపు పిల్లలున్నారు, తిట్లు బాగానే ఉన్నాయి. ఏ ఎపిసోడ్లు దాటేసినా కథ తెగదో కూడా చెప్పండన్నా.